బొమ్మ కింద గీత

పాత క్యాలెండర్లు, పత్తి విత్తనాల ప్యాకెట్లు,
ఆదోని బట్టల కొట్టు సంచి మీది నెమలి,
ఎవరో పారేసిన డైరీలోంచి ఒక జలపాతం.
కత్తెర మా ఇంటిదే. మైదా జిగురు మా ఆవిడ ఉడికించి ఇచ్చింది.
అట్టముక్కకు ఒక్కో బొమ్మ,
బొమ్మ కింద స్కేలు పెట్టి కొట్టిన
ఒక ఖాళీ గీత.

కోసిగికి అవతల మా బడి. అయిదో తరగతి.
"ఈ గీత మీద ఒక్క వాక్యం రాయండి.
బొమ్మలో కనపడేది మాత్రం రాయొద్దు," అన్నాను.
"కనపడేది కాకుంటే ఇంకేమి రాయల్ల సార్?"
తిక్కయ్య పెన్సిలు కొన నములుతా అడిగినాడు.
వాడు అడిగింది న్యాయమే. నాకూ సరిగ్గా తెలీదు.
ట్రైనింగులో చెప్పినాయన
టీ వచ్చేసరికి అక్కడికి ఆపేసినాడు.

మొదటి వారమంతా
ఇది ఆవు, ఇది కొండ,
ఇది నెమలి, నెమలి మన జాతీయ పక్షి.
హుసేనమ్మ ఒక్కతే జలపాతం కింద
"బిందెలు ఎవరూ పెట్టలేదు" అని రాసింది.
ఊరికి ట్యాంకరు రాక ఆ పొద్దుటికి మూడు దినాలు.

అంతే, పిల్లోళ్లకు దోవ దొరికింది.
పెళ్లి ఫోటో కింద: ఎవరివో చెప్పులు పోయినాయి.
రైలు కింద: ఇది మన ఊర్లో నిలబడదు.
క్రీము డబ్బా మీద నవ్వే అమ్మాయి కింద:
ఈయమ్మ ఎప్పుడూ కలుపు తీయలేదు.
నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది.
పక్క గదిలోంచి హెడ్మాస్టరు తొంగిచూసి
పాఠం ఎంతవరకు వచ్చిందని అడిగి పోయినాడు.

మిరప కళ్లం బొమ్మ ఒకటి ఉండింది.
ఎర్రగా, ఆకాశాన్ని అంటుకునేంత రాశి.
అందంగా ఉందనే కత్తిరించినాను, అబద్ధమెందుకు.
ఉరుకుందు దాని ముందర చానాసేపు కూర్చుని
"కండ్లు తుడుచుకోవద్దు" అని రాసినాడు.
పోయినేడు వాళ్లమ్మతో కలిసి
గుంటూరు దిక్కు సుగ్గికి పోయి
నాలుగు నెల్లు మిరపకాయలు కోసొచ్చినోడు.
ఆ నాలుగు నెల్లూ హాజరుపట్టీలో
వాని పేరు పక్కన ఒకే అక్షరం
వరసగా దించుకుంటా పోయినాను.
వాని గురించి నేను రాసిన క్యాప్షను అదే.

కార్తీకంలో ఒక సోమవారం
పాఠ్యపుస్తకంలో ఉండే ఇంటి బొమ్మ పెట్టినాను.
పెంకులు, మామిడి చెట్టు, వాకిట్లో ముగ్గు,
పొయ్యి మీంచి లేచే పొగ.
అందరూ మామిడికాయల దగ్గర ఆగిపోయినారు.
ఉరుకుందు రాసినాడు:
"ఈ ఇంటికి తాళం ఎయ్యలేదు."

ఆ రాత్రి రెండు టెంపోలు వచ్చినాయంట.
మూటలు, పొయ్యి కట్టెలు, కోడిపెట్ట, కుక్కర్,
పైన మనుషులు.
పొద్దున బడికొస్తూ లెక్కపెట్టినాను,
మా వీధిలోనే తొమ్మిది తాళాలు.
తరగతిలో ముప్పై నలుగురికి పదకొండు మంది.
హుసేనమ్మ అందరినీ ముందు వరసకు జరిపింది,
గది చలిగా ఉందని కాబోలు.

సాయంత్రం అట్టలు సర్దుతుంటే ఒకటి తగ్గింది.
నెమలి కాదు, కళ్లం కాదు, ఇల్లూ కాదు.
బొమ్మ అతికించడానికి జిగురు చాలక
పక్కన పెట్టిన ఉత్త అట్ట,
అడుగున గీత మాత్రం ఉన్నది.
ఎవరు తీసుకుపోయినారో
తిక్కయ్యకు తెలుసు. చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు హాజరుపట్టీ తెరిచినాను.
ఉరుకుందు గడి దగ్గర పెన్ను నిలబడింది.
మూడో బెంచీలో, కిటికీ పక్క,
వాడు లేని చోటు బాగా కనపడతా ఉండాది.
కనపడేది రాయొద్దన్నది నేనే కదా.